నీటి ఒడ్డు సైకిల్ దారుల గురించి రాసేటప్పుడు గాలి, నేల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సరస్సుల చుట్టూ, నదుల వెంట సాగే రోడ్డు సైకిల్ దారుల గురించి పత్రికల్లో తరచుగా పరిచయాలు వస్తున్నాయి. కొత్తగా సైకిల్ ఎక్కినవాళ్లకు కొండదారి కంటే నీటి ఒడ్డు దారే మంచిది. కాబట్టి వాటిని చదివి బయలుదేరేవాళ్లలో కొత్తవాళ్లే ఎక్కువ. అయితే వాళ్ల చేతికి అందుతున్నవి రెండే అంకెలు: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మీటర్ల ఎక్కుడు (మొత్తం ఎక్కాల్సిన ఎత్తు). ఎక్కుడు తక్కువగా కనిపిస్తే పక్కన ‘సులభం’ అని రాసేస్తారు. కొండదారిలో రోజు ఎలా గడుస్తుందో ఆ రెండు అంకెలను బట్టి చాలావరకు అంచనా వేసుకోవచ్చు. చదును దారిలో అది కుదరదు. అక్కడ మనిషిని అలసిపోయేట్టు చేసేవి గాలి, నేల, ఎడతెగకుండా ఒకే భంగిమలో కూర్చోవడం. వెనక్కి తిరగాల్సి వచ్చేది వంతెన లేకపోవడం వల్లో, పడవ ఆగిపోవడం వల్లో. ఈ వివరాలు లేని పరిచయం ఎంత అందంగా రాసినా తొక్కేవాడికి సగమే ఉపయోగపడుతుంది. ఏ వివరం ఎందుకు కావాలో కాస్త విడమరచి రాస్తున్నాం.

ముందు గాలి. నది వాలు వెంట వెళ్తే సులువని చాలామంది నమ్ముతారు. జర్మనీలోని పసావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ వెంట సాగే దారి సుమారు 320 కిలోమీటర్లు. అంత దూరంలో నది దిగేది సుమారు 140 మీటర్లు, అంటే కిలోమీటరుకు అర మీటరు కూడా లేదు. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆ వాలు వల్ల మిగిలేది సుమారు రెండు వాట్ల శ్రమ. అదే వేగంలో, గాలి కదలని రోజున కూడా, మామూలుగా కూర్చుని తొక్కేవాడు గాలిని చీల్చుకుపోవడానికి సుమారు 40 వాట్లు ఖర్చుపెడతాడు. ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల గాలి ఉంటే ఒంటికి తగిలే గాలి వేగం 35 అవుతుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది ఒక్కసారిగా మూడు రెట్లవుతుంది. అదే వేగం నిలబెట్టుకోవాలంటే 120 వాట్లు పైగా కావాలి. అదే గాలి వీపు మీద ఉంటే అడ్డు పదహారో వంతుకు పడిపోతుంది. రెండు వాట్ల వాలు ఈ లెక్కలో ఏ మూలకు వస్తుంది?

డాన్యూబ్ మీద జనం తూర్పుకు వెళ్లడానికి అసలు కారణం అక్కడ పశ్చిమ గాలులు ఎక్కువగా వీయడం. నది కూడా తూర్పుకే పారుతుంది కాబట్టి ఆ ఘనత నదికి దక్కింది. ఫ్రాన్స్‌లోని లువార్ నది దగ్గరికి వస్తే ఈ తేడా తేటతెల్లమవుతుంది. దాని వెంట దాదాపు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, చివరికి అట్లాంటిక్ సముద్రం చేరుతుంది. అక్కడ కూడా ఎక్కువగా వీచేది పశ్చిమ గాలే. నది పడమటికి పారుతుంది కాబట్టి వాలు వెంట పోయేవాడికి ఎదురుగాలి, ఏటికి ఎదురు పోయేవాడికి వెనకగాలి. కింది భాగంలో వాలు నామమాత్రం కాబట్టి సముద్రం వైపు నుంచి మొదలుపెట్టి ఎగువకు తొక్కడమే తేలిక. ఈ ఒక్క వాక్యం పరిచయంలో ఉంటే వారం రోజుల ప్రయాణం మారిపోతుంది.

వెళ్లిన దారినే తిరిగి వచ్చేవాళ్లు పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి కాబట్టి చెల్లుకు చెల్లు అనుకుంటారు. చెల్లు కాదు. గాలి లేనప్పుడు 20 వేగంతో 60 కిలోమీటర్లకు మూడు గంటలు. గాలి ఉన్న రోజు 30 కిలోమీటర్లు 15 వేగంతో పోయి, 25 వేగంతో తిరిగొస్తే 3 గంటల 12 నిమిషాలు. నెమ్మదిగా పోయే భాగంలోనే ఎక్కువసేపు గడుస్తుంది కనుక నష్టం పూర్తిగా తిరిగి రాదు. అయినా ఎదురుగాలిని పొద్దున ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు ముగించి, వెనకగాలితో ఇంటిముఖం పట్టడమే మంచి పద్ధతి. మొదట వెనకగాలి దొరికితే తన బలమే పెరిగిందనుకుని మనిషి అనుకున్నదానికంటే దూరం పోతాడు. తిరుగు దారిలో ఆ పొరపాటు బయటపడుతుంది. ఒడ్డు పక్కనే రైలు మార్గం ఉన్నచోట వెనకగాలితో ఒక వైపే తొక్కి రైల్లో తిరిగి రావచ్చు. జర్మనీలో రైన్ నదికి మధ్య లోయలో రెండు ఒడ్డులా రైలు పట్టాలున్నాయి. రైల్లో సైకిల్ ఎక్కించే నియమం ఏమిటో పరిచయంలో ఒక ముక్క రాస్తే చాలు.

సరస్సుల గాలి లెక్క వేరు. ఎండెక్కే కొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటికి నీటి మీది చల్లగాలి వస్తుంది. ఇది సాధారణంగా ఎండ బాగా కాసే రోజున పొద్దు ఎక్కాక మొదలై మధ్యాహ్నం తర్వాత బలపడుతుంది, రాత్రికి దిశ మారుతుంది. అందుకే సరస్సు చుట్టూ తిరిగేవాడికి పగటిపూట ఈ గాలి ఎక్కువగా అడ్డంగా తగులుతుంది. కొండల మధ్య పొడవుగా సాగే సరస్సుల్లో లోయ గాలి కూడా తోడవుతుంది. ఇటలీలోని గార్దా సరస్సు మీద పొద్దున పెలేర్ అనే గాలి ఉత్తరం నుంచి, మధ్యాహ్నం ఓరా అనే గాలి దక్షిణం నుంచి వీస్తాయి. అక్కడి పడవలవాళ్లు రోజును ఈ గాలుల ప్రకారమే నడుపుకుంటారు. సైకిల్ తొక్కేవాడూ పొద్దున దక్షిణానికి, మధ్యాహ్నం ఉత్తరానికి పోయేలా చూసుకుంటే రెండు పూటలా వీపు మీదే గాలి. ఏ సరస్సుకైనా ఇలాంటి అలవాటు ఒకటి ఉంటుంది. అక్కడి జాలర్లను, పడవలవాళ్లను అడిగితే చెబుతారు. పరిచయం రాసేవారు ఆ మాట అడిగి రాయాలి.

వాతావరణ సూచనలో చెప్పే గాలి వేగం నేలకు 10 మీటర్ల ఎత్తున లెక్క కట్టింది. చెట్ల మధ్య దారిలో అంత తగలదు. కరకట్ట పైన మాత్రం దాచుకోవడానికి ఏమీ ఉండదు, దాదాపు పూర్తిగా తగులుతుంది. ఒకే నదికి ఒక ఒడ్డున దారి కట్ట మీద, మరో ఒడ్డున కట్ట కింద ఊళ్ల మధ్య ఉంటే, గాలి రోజున కింది దారి కాస్త పొడవైనా అదే మేలు. అడ్డగాలిలో చెట్ల వరుస తెగిన చోట, వంతెన మొదట్లో ఒక్కసారిగా విసురు వస్తుంది. హ్యాండిల్‌ను బిగబట్టకుండా వదులుగా పట్టుకుని, భుజాలు సడలించి, దారి అంచుకు ఒక అడుగు ఎడం ఉంచుకోవాలి. ముందు చక్రానికి 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు ఇలాంటి దారికి తగవు. గుంపుగా పోయేటప్పుడు ముందున్నవాడు ఒకటి రెండు నిమిషాలకోసారి గాలి వచ్చే వైపుకు తప్పుకుని వెనక్కి చేరాలి. అటు తప్పుకుంటే వెనకవాళ్ల చాటు చెడదు.

సరస్సును ఏ దిశలో చుట్టాలో కూడా చెప్పాలి. బండ్లు కుడివైపు నడిచే దేశాల్లో సవ్యదిశలో చుడితే నీరు కుడిచేతి పక్కన ఉంటుంది. ఎడమవైపు నడిచే దేశాల్లో అపసవ్యదిశలో తిరగాలి. నీరు దగ్గరగా కనిపించడం ఇందులో చిన్న లాభమే. నీటి వైపు నుంచి వచ్చి కలిసే అడ్డరోడ్లు చాలా తక్కువ, అదీ పెద్ద లాభం. పడవల రేవుకో, చూసే చోటుకో ఆగాలంటే ఎదురు బండ్లను దాటాల్సిన పని ఉండదు. జపాన్‌లో ఎడమ నడక కాబట్టి బివా సరస్సును అపసవ్యదిశలో చుట్టమని చెబుతారు. మొత్తం చుట్టు సుమారు 200 కిలోమీటర్లు, రోడ్డు మీద నీలం బాణాలు దారి చూపిస్తాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పంచుకునే కాన్‌స్టాన్స్ సరస్సు చుట్టూ దారి సుమారు 260 కిలోమీటర్లు, అక్కడ కుడి నడక కాబట్టి సవ్యదిశ. ఆ సరస్సు మీద పెద్ద పడవలు సైకిళ్లను ఎక్కించుకుంటాయి. మీర్స్‌బర్గ్, కాన్‌స్టాన్స్ ఊళ్ల మధ్య పడవ రాత్రంతా కూడా నడుస్తుంది. కాబట్టి 260 తొక్కలేనివాళ్లు మధ్యలో నీటిని దాటి చుట్టును సగం చేసుకోవచ్చు. ఎక్కడెక్కడ కోసుకోవచ్చో తెలిస్తే పొడవైన దారి కూడా కొత్తవాళ్లకు అందుబాటులోకి వస్తుంది.

సరస్సు అన్నంత మాత్రాన ఒడ్డంతా చదునుగా ఉండదు. హంగరీలోని బాలటన్ సరస్సుకు దక్షిణపు ఒడ్డు బల్లపరుపుగా ఉంటుంది, ఉత్తరపు ఒడ్డు కొండ పాదాల వెంట ఎగుడుదిగుడుగా సాగుతుంది. జెనీవా సరస్సుకు ఉత్తరాన లావో ద్రాక్షతోటలు నీటి అంచునుంచే నిటారుగా లేస్తాయి. తోటల మధ్య దారి పడితే చదును ఊసే ఉండదు. ఆస్ట్రియా, హంగరీల మధ్య ఉన్న నాయ్‌జీడ్ల్ సరస్సు ఎక్కడా రెండు మీటర్ల లోతు కూడా లేదు, చుట్టూ నేల చదునే, అయితే రెల్లు దట్టంగా పెరగడం వల్ల దారి పొడవునా చాలాచోట్ల నీరే కనబడదు. నీటి కోసం వెళ్లినవాడు రెల్లు చూసి తిరిగి రాకుండా, నీరు కనిపించే భాగమేదో చెప్పడం రాసేవారి పని.

ఎక్కుడు లెక్క గురించి ఒక హెచ్చరిక. కంప్యూటర్ పటాలు ఇచ్చే ఎక్కుడు చదును దారుల్లోనే ఎక్కువగా తప్పుతుంది. ఆ పటాలు భూమి ఎత్తును గళ్లుగళ్లుగా నమోదు చేసిన లెక్కలోంచి తీసుకుంటాయి. నది పక్కన నిటారు కొండ ఉంటే దారి కొండ కింద ఉన్నా ఆ గడి ఎత్తు కొండ మీదిది వస్తుంది. సొరంగం దగ్గర కొండ శిఖరాన్ని, వంతెన దగ్గర అడుగున ఉన్న నీటిమట్టాన్ని చూపిస్తుంది. రైన్ మధ్య లోయలాంటి చోట్ల ఇలా ఉత్తుత్తి ఎక్కుళ్లు వందల మీటర్లు పోగుపడవచ్చు. సైకిల్ మీటరు గాలి పీడనాన్ని బట్టి ఎత్తు కొలిచే రకమైతే, వాతావరణం మారి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ తగ్గినా దాదాపు 8 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. అసలున్న ఎక్కుళ్లు మాత్రం చిన్నవి, కాళ్లకు బాగా తెలిసేవి: కట్ట మీదికి ఎక్కే ర్యాంపులు, వంతెన మొదళ్లు, లాకుల దగ్గరి ఎత్తులు. పాతిక ముప్పై మీటర్ల పొడవే అయినా నిటారుగా ఉంటాయి. ర్యాంపు మొదలయ్యే ముందే గేరు తగ్గించుకోవాలి. బరువు పడ్డాక మారిస్తే చైను జారిపోతుంది.

ఇక నేల. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది, పరిచయాల్లో అన్నిటికన్నా తక్కువ కనిపించేదీ ఇదే. ‘దారి బాగుంది’ అంటే సరిపోదు. తారా, సిమెంటా, అదిమిన కంకరా, వదులు కంకరా, మట్టా, ఒక్కొక్కటి ఎన్ని కిలోమీటర్లో రాయాలి. ఫ్రాన్స్‌లోని మిదీ కాలువ తూలూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్లు. ఎక్కుడు దాదాపు లేదు, చాలాచోట్ల పక్కన ప్లేన్ చెట్లు. అంకెలు చూస్తే అంతకంటే సులువైన దారి ఉండదు. కానీ తూలూజ్ వైపు వదిలి తూర్పుకు పోయేకొద్దీ చాలాచోట్ల గట్టు మట్టిబాటే, పైకి తేలిన చెట్ల వేళ్లే. 25 మిల్లీమీటర్ల టైర్లతో పోయినవాడికి అది సులభమైన దారి కాదు.

టైరు ఎంపికకు మేము చెప్పే కొలత ఇది: దారంతా మంచి తారైతే 28 మిల్లీమీటర్లు, మధ్యలో అదిమిన కంకర, పాత సిమెంటు ఉంటే 32, కట్ట మీద మట్టి, కంకర సగానికి మించితే 38 నుంచి 40. మొత్తం బరువు 85 కిలోలకు గాలి వెనక చక్రంలో సుమారుగా 28కి 70 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత), 32కి 58, 40కి 42. ముందు చక్రంలో నాలుగైదు తక్కువ. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పరిమితిని మించకూడదు. కొక్కెం లేని రిమ్ములకు (టైరు అంచును పట్టి ఉంచే వంపు లోపల లేనివాటికి) ఎంత వెడల్పు టైరు వేసినా 72.5 పీఎస్‌ఐ దాటకూడదు. టైరు గట్టిగా కొడితేనే వేగమన్న పాత నమ్మకం నున్నటి రోడ్డు మీద కొంతవరకే నిజం. గరుకు దారిలో గట్టి టైరు ప్రతి రాయికీ సైకిల్‌ను ఎగరేస్తుంది, ఆ కుదుపుల్లో శ్రమ వృథా అవుతుంది. మరీ మెత్తగా ఉంచితే వేరు గడ్డ తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలుగుతుంది.

నీటి ఒడ్డున పంక్చర్లు ఎక్కువ. తడి టైరుకు గాజుపెంకులు, చెకుముకి ముక్కలు అతుక్కుంటాయి. తడిసిన రబ్బరును అవి ఎండు రబ్బరుకంటే సులువుగా కోస్తాయి. వాన వెలిశాక గట్టు మీద ముళ్లకంప కొట్టిన చోట జాగ్రత్త మరీ అవసరం. పంక్చరైతే తొందరపడి కొత్త ట్యూబు వేసేస్తే పది నిమిషాల్లో మళ్లీ దిగుతుంది, ముల్లు టైరులోనే ఉంటుంది కాబట్టి. చక్రం తీసే ముందు చైనును వెనక అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తేవాలి. టైరు ఒక పక్కే విప్పి ట్యూబు తీసి, గాలి కొట్టి, రంధ్రాన్ని చెంప దగ్గర పెట్టి వెతకాలి. చెవికి వినబడనంత సన్నని గాలి కూడా చెంపకు తెలుస్తుంది. టైరు మీది పేరును వాల్వు ఎదురుగా ఉండేలా ముందే బిగించుకుంటే, ట్యూబును టైరు మీద పరిచి రంధ్రం ఎదురుగా టైరులో ఏ చోటు చూడాలో వెంటనే తెలుస్తుంది. అక్కడ లోపలి వైపు గుడ్డతో తుడవాలి, వేలితో కాదు. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. పక్కపక్కనే సెంటీమీటరు ఎడంతో రెండు కోతలుంటే ముల్లు వెతకనక్కర్లేదు, గాలి తక్కువై ట్యూబు నలిగిందన్నమాట. రంధ్రం రిమ్ము వైపు ఉంటే రిమ్ము పట్టీ జరిగి స్పోకు రంధ్రం అంచు కోసింది, పట్టీ సరిచేయకపోతే ఎన్ని ట్యూబులు వేసినా లాభం లేదు. తడిలో జిగురు పట్టదు, అందుకే ప్యాచీలమీద ఆధారపడకుండా రెండు ట్యూబులు ఉంచుకోవాలి. టైరు నింపడానికి 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం వాడితే ఆ వాయువు రబ్బరులోంచి త్వరగా బయటికి పోతుంది, మర్నాడు మామూలు గాలి నింపాలి. గొట్టం ఉన్నా చిన్న పంపు తప్పదు.

వరద తగ్గాక గట్టు మీద మిగిలే పల్చటి ఒండ్రు మీద మలుపులో వంగితే టైరు పట్టు తప్పుతుంది. ఎండాక అదే దుమ్ముగా చైనులో చేరుతుంది. నీడ ఎక్కువున్న సిమెంటు మీద పాకుడు, శరత్కాలంలో తడి ఆకులు కూడా అంతే. అలాంటి చోట మలుపుకు ముందే నిటారుగా ఉన్నప్పుడు బ్రేకు వేసి, మలుపులో బ్రేకు ముట్టకుండా దాటాలి. చెక్క వంతెన తడిగా ఉంటే హ్యాండిల్ తిప్పకూడదు, వేగం మార్చకూడదు. చెక్కలు పోయే దిశలోనే పరిచి ఉంటే మధ్య సందుల్లో సన్నటైరు ఇరుక్కుంటుంది, దిగి నడవడమే మంచిది. రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా దాటాలి. కార్లు రాకుండా దారి మధ్యలో నాటే స్తంభాలు గుంపుకు ప్రమాదం. ముందున్నవాడు కేక వేయకపోతే వెనకవాడికి కనబడవు. రిమ్ము బ్రేకులున్నవాళ్లు ఒండ్రు దారి ముగిశాక బ్రేకు రబ్బర్లలో గుచ్చుకున్న ఇసుకను తీసేయాలి, లేకపోతే అది రిమ్మును అరగదీస్తుంది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి.

చదును దారిలో ఒంటికి కలిగే ఇబ్బందిని ముందే చెప్పేవాళ్లు తక్కువ. కొండదారిలో ఎక్కేటప్పుడు లేచి తొక్కుతాం, దిగేటప్పుడు కాళ్లు ఆపుతాం, ఒంటికి విరామాలు వాటంతటవే దొరుకుతాయి. ఏటి గట్టు మీద అవి లేవు. నిమిషానికి 85 చుట్ల చొప్పున నాలుగు గంటలు తొక్కితే 20,400 చుట్లు, అన్నీ కూర్చునే. అందుకే గట్టు మీద 80 కిలోమీటర్లు తొక్కినవాడికి కాళ్లకంటే ముందు కూర్చునే చోటు, మెడ, అరచేతులు నొప్పెడతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కితే అరచేతి మడమ దగ్గర అల్నార్ నరం నలుగుతోందని అర్థం. చేతుల స్థానం మార్చాలి, మోచేతులు వంచాలి. సీటు ముక్కు కిందికి బాగా వంగి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంది. సీటు మట్టంగా, మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండాలి. పది నిమిషాలకోసారి, అలసట లేకపోయినా, ఒక గేరు బరువు పెంచి పది పదిహేను చుట్లు లేచి తొక్కాలి. నొప్పి మొదలయ్యాక లేవడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు.

గేర్ల సంగతి దీనికి ముడిపడిందే. కొండల కోసం పెట్టే 11–34 క్యాసెట్‌లో (వెనక చక్రం మీది పళ్లచక్రాల కట్ట, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 34) మధ్య పళ్ల తేడా రెండేసి, మూడేసి ఉంటుంది. 17 పళ్లనుంచి 19కి మారితే అదే వేగంలో కాలి చుట్లు 85 నుంచి 95కి దూకుతాయి. 18 పళ్ల చక్రం కూడా ఉంటే 90 దగ్గర ఆగుతాయి. గంటల తరబడి ఒకే వేగంలో పోయే దారిలో ఆ అయిదు చుట్ల తేడా మోకాళ్లకు తెలుస్తుంది. చదును దారులే ఎక్కువ తొక్కేవాళ్లు పళ్లు దగ్గరగా ఉన్న 12–25 లాంటిది పెట్టుకోవడం మేలు.

నీటి గాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా దాహంతో పనిలేకుండా తాగాలి. మంచినీళ్లు దొరికే చోట్ల మధ్య దూరం 40 కిలోమీటర్లు దాటితే పరిచయంలో తప్పకుండా రాయాలి. పోలరైజ్డ్ కళ్లజోడు నీటి మెరుపును బాగా తగ్గిస్తుంది, అయితే రోడ్డు మీది తడి మచ్చల మెరుపును కూడా దాచేస్తుంది, కొన్ని సైకిల్ మీటర్ల తెర నల్లగా కనబడుతుంది. పాకుడు ఉన్న దారిలో మామూలు రంగు కళ్లజోడే నయం. చలి రోజుల్లో గాలి లేని రాత్రి తర్వాత తెల్లవారుజామున నది పల్లాల్లో పొగమంచు పడుతుంది. గాలి తక్కువని వేకువనే బయలుదేరమనే సలహా ఆ కాలానికి పనికిరాదు. పొద్దెక్కి మంచు విడిచాకే బయలుదేరాలి, ముందూ వెనకా దీపాలు వేసుకోవాలి.

నదిని ఎక్కడ దాటవచ్చో చెప్పకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపం. రైన్ మీద మైంజ్ దాటాక కోబ్లెంజ్ వచ్చేదాకా వంతెన లేదు, దాటాలంటే పడవలే. డాన్యూబ్ మీద ష్లోగెన్ మలుపు దగ్గర ఉత్తరపు ఒడ్డున కొంత దూరం సైకిల్ దారి తెగిపోతుంది, అక్కడా పడవే దిక్కు. చిన్న పడవలు చలికాలంలో నడవవు, సాయంత్రం పెందలాడే ఆగుతాయి, నీరు పెరిగినా ఆపేస్తారు. కాబట్టి ప్రతి పడవ రేవుకూ ఏ నెలల్లో నడుస్తుంది, చివరి పడవ ఎన్నింటికి, అది లేకపోతే దగ్గరి వంతెన ఎన్ని కిలోమీటర్లు అన్న మూడు ముక్కలూ కావాలి. చివరి పడవకు కనీసం గంట ముందు రేవు చేరేలా చూసుకోవాలి. ఎదురుగాలిలో 15 కిలోమీటర్లకు ఒక గంట పడుతుందని గుర్తుంచుకుంటే ఎంత ముందు బయలుదేరాలో తేలుతుంది.

దారి మీదికి నీరు వచ్చినప్పుడు పారే నీటిలోకి సైకిల్‌తో దిగనే కూడదు. నిలిచిన నీరైనా అడుగున ఏముందో కనబడకపోతే దిగకూడదు. రోడ్డు సైకిల్‌కు పెడల్ ఇరుసు నేలకు సుమారు 27 సెంటీమీటర్ల ఎత్తున, చక్రం ఇరుసు 34 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. అంటే నీరు జానెడు దాటిందంటే బేరింగుల్లోకి చేరే అవకాశం మొదలైనట్టే. అలా మునిగిన సైకిల్‌ను బయట కడిగి ఆరబెడితే సరిపోదు. బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే భాగం), హబ్బులు (చక్రాల నడిమి భాగాలు) విప్పించి ఒండ్రు తీసి కొత్త గ్రీజు పెట్టించాలి, లేకపోతే కొద్ది వారాల్లో గరగరమంటాయి.

గట్టు దారుల మీద నడిచేవాళ్లు, పిల్లలు, గాలాలు వేసేవాళ్లు ఉంటారు. గాలం కర్రను వెనక్కి విసిరేటప్పుడు అది దారికి అడ్డంగా వస్తుంది. అందుకని గాలం పట్టినవాడి వెనక నుంచి పోయేటప్పుడు ముప్పై మీటర్ల ముందే గంట కొట్టి, అతను తిరిగి చూశాకే దాటాలి. జనం ఉన్న భాగంలో 15కు మించి తొక్కకూడదు. వేగంగా పోవాలనుకునేవాళ్లకు ఆ పక్కనే సాగే రోడ్డు చూపించడం మంచిది. పరిచయంలో రెండు దారులూ గీస్తే ఇద్దరికీ మేలు.

ఇంత వివరం పత్రికలో పట్టదన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. ఫొటోకు ఇచ్చే స్థలంలో నాలుగో వంతు చాలు. ఒక చిన్న పెట్టెలో దూరంతోపాటు నేల రకాలు కిలోమీటర్లలో, ఆ నెలలో ఎక్కువగా వీచే గాలి దిశ, ఏ దిశలో తొక్కాలి, వంతెనలు, పడవలు, మంచినీళ్లు, రైలు స్టేషన్లు, తగిన టైరు వెడల్పు. వీటితోపాటు ఆ దారిని రాసినవారు చివరిసారి చూసిన నెల, సంవత్సరం తప్పకుండా వేయండి. నది ఒడ్డు దారి ప్రతి వరదకూ మారుతుంది. 2013 జూన్‌లో పసావ్ దగ్గర డాన్యూబ్ 12.89 మీటర్ల మట్టానికి చేరింది. అలాంటి వరద వచ్చిపోయాక గట్టు తెగిన చోట, వంతెన మూసిన చోట దారి ఎక్కడినుంచి మళ్లించారో పాత పరిచయంలో ఉండదు. పెద్ద వరద తర్వాత ఆ దారి గురించి అదివరకు వేసిన వివరాలను మళ్లీ సరిచూసి, మారిన భాగాన్ని రెండు వాక్యాల్లోనైనా వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
రోడ్డు సైకిల్ తొక్కే పాఠకులు